బేసిక్‌ని అందరి చేతికీ ఇచ్చిన జాన్ కెమెనీ

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో ఒకప్పుడు కంప్యూటర్ కోర్సు చేసినవాళ్లకి బేసిక్ పేరు గుర్తుండే ఉంటుంది. దాన్ని తయారుచేసిన ఇద్దరిలో ఒకరు జాన్ కెమెనీ. 1926లో హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో యూదు కుటుంబంలో పుట్టారు. నాజీల భయంతో 1940లో ఆ కుటుంబం అమెరికా చేరింది. ఊరు వదలనన్న తాత వాళ్ల మారణకాండకి బలైపోయారు.

కెమెనీ ఐన్‌స్టీన్ దగ్గర లెక్కల సహాయకుడిగా పనిచేసి, తర్వాత డార్ట్‌మత్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. సైన్స్ చదవని పిల్లలకీ కంప్యూటర్ రావాలని ఆయన పట్టు. 1964 మే 1, తెల్లవారుజామున 4 గంటలకి, థామస్ కర్ట్జ్‌తో కలిసి తయారుచేసిన బేసిక్‌ని నడిపించారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చన్నారు.

అది కంపైలర్. ప్రోగ్రామ్ మొత్తాన్ని ముందే మెషీన్ భాషలోకి తర్జుమా చేసేస్తుంది. తర్వాత ఇళ్లకొచ్చిన చిన్న కంప్యూటర్లలో మెమరీ చాలక ఇంటర్‌ప్రెటర్ పెట్టారు. బయాన్ నడుస్తుండగా పక్కనొకరు మాట మాటకీ తర్జుమా చెప్పినట్టన్నమాట. ఒకే లైను వందసార్లు వస్తే వందసార్లూ తర్జుమానే, అందుకే నత్తనడక. 1984 నుంచి కేంద్రం మన దేశంలో కొన్ని స్కూళ్లకిచ్చిన బీబీసీ మైక్రోలోనూ ఇంటర్‌ప్రెటరే.

తన భాషని కంపెనీలు ఇష్టమొచ్చినట్టు మార్చేశాయని కెమెనీకి బాధ. కర్ట్జ్‌తో కలిసి ట్రూ బేసిక్ తెచ్చారు. అప్పటికే కంప్యూటర్‌తో పాటే వేరే బేసిక్ వచ్చేస్తోంది, ఇక ఇది కొనేదెవరు? 1992 డిసెంబర్‌లో, 66 ఏళ్ల వయసులో ఆయన చనిపోయారు.