ఫ్రాంకు హార్న్‌బీ

ఇంగ్లండు దేశమునందు లివర్‌పూలు గొప్ప రేవుపట్టణము. దేశదేశములనుండి ఓడలలో వచ్చి దిగిన సరకులను గూడ్సు బండ్లు అచ్చటినుండి నలుదిక్కులకు చేరవేయుచుండెడివి. 1830లో ఆరంభమైన లివర్‌పూలు–మాంచెస్టరు రైలుమార్గము ఆవిరిబండ్ల చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైనది. అట్టి పట్టణమున 1863వ సంవత్సరము మే 15వ తేదీన ఫ్రాంకు హార్న్‌బీ జన్మించెను.

అతని తండ్రి ఆహారపదార్థములను అమ్ము వర్తకుడు. ఫ్రాంకు పదునారవ యేట బడి విడిచి, తండ్రి దుకాణమున లెక్కలు వ్రాయు పనిలో చేరెను. యంత్రశాస్త్రమును అతడు ఏ కళాశాలలోను అభ్యసింపలేదు. అయినను, స్వయంకృషిచే పైకి వచ్చిన మహనీయులను గూర్చి సామ్యుయెల్ స్మైల్స్ అను రచయిత వ్రాసిన గ్రంథము చిన్ననాడే అతని మనస్సును ఆకర్షించెను. తానును ఏదో ఒక నూతనవస్తువును కనిపెట్టవలెనను కోరిక నాటినుండి అతనిని విడువలేదు.

1899లో తండ్రి మరణించెను, దుకాణము మూతపడెను. ఫ్రాంకు డేవిడ్ ఎలియట్ అను మాంసపు దిగుమతి వ్యాపారి యొద్ద గుమాస్తాగా కుదిరెను. అప్పటికి అతనికి ఇద్దరు కుమారులు. పని ముగిసి ఇంటికి వచ్చిన పిదప అతడు రేకును కత్తిరించి, ఆ పిల్లలకు వంతెనలు, బండ్లు, బరువులెత్తు క్రేనులు చేసి యిచ్చుచుండెను. కాని ఒక బొమ్మకై కోసిన ముక్క మరియొక బొమ్మకు పనికివచ్చెడిది కాదు. ప్రతి బొమ్మకును క్రొత్తగా రేకు కోయవలసివచ్చుచుండెను.

ఈ చిక్కు తీరు ఉపాయము అతనికి ఒక రైలు ప్రయాణములో స్ఫురించెను. బద్దలన్నియు అర అంగుళము వెడల్పున నుండవలెను. వానియందు అర అంగుళమున కొకటి చొప్పున ఒకే కొలతగల రంధ్రములుండవలెను. అప్పుడు ఏ బద్దనైనను మరి యే బద్దతోనైనను బోల్టు, నట్టులతో బిగింపవచ్చును. నేడు వంతెనగా నున్నది రేపు బండి కాగలదు. చూచుటకు ఇది స్వల్పవిషయమే. కాని అతని జీవితమంతయు ఈ రంధ్రముల కొలతపైననే నిలిచినది.

దీనికి పేటెంటు పొందుటకు కావలసిన పైకము గుమాస్తా యొద్ద లేకుండెను. అతడు యజమానియగు ఎలియట్ నడిగి 5 పౌనులు అప్పు తెచ్చి, 1901 జనవరిలో దరఖాస్తు పెట్టెను. మరుసటి యేట ఆ బొమ్మసామగ్రి 7 షిల్లింగుల 6 పెన్నీల వెలకు అంగడికి వచ్చెను. అయినను 1906వ సంవత్సరము వరకు లాభమన్నది కానరాలేదు. ఇంటిని పోషించుకొనుచు, ఫలితము లేని పనిని ఇన్నియేండ్లు వదలక సాగించుటకు ఎంత గుండెనిబ్బరము కావలెనో ఆలోచింపుడు! 1907లో అతడు ఆ సామగ్రికి మెకానో అను పేరు పెట్టెను. 1914లో బిన్స్ రోడ్డున పెద్ద కర్మాగారము వెలసెను.

అంతవరకు ఇంగ్లండు పిల్లలు ఆడుకొను రైలుబొమ్మలలో అనేకము జర్మనీనుండి వచ్చెడివి. 1914లో యుద్ధము రాగా ఆ దిగుమతి ఆగిపోయెను. యుద్ధము ముగిసిన పిమ్మట, 1920లో, హార్న్‌బీ తన పేరుతోనే కీ యిచ్చిన నడచు రైలుబండ్లను విడుదల చేసెను. ఇతరుల బొమ్మలకును వీనికిని గల భేదమొక్కటి గమనింపదగినది. గూడ్సు పెట్టెల భాగములు బోల్టులతో బిగింపబడినవి. బాలుడు పెట్టెను పూర్తిగా విప్పి, ఏ భాగమెందుకున్నదో తెలిసికొని, తిరిగి కూర్పవచ్చును. ఒక భాగము విరిగినచో పెట్టెను పారవేయ నక్కరలేదు. ఆ భాగమునే కొని అమర్చుకొనవచ్చును.

క్రమముగా పెట్టెల రకములు పెరిగెను. పాలకేనులతో గూడిన పెట్టె, పశువుల పెట్టె, దుంగలు మోయు బండి, సిమెంటు బండి, పెట్రోలు తొట్టి, తుపాకిమందు పెట్టె — ఇట్లు నిజమైన రైలుమార్గమున ఏయే సరకునకు ఏయే పెట్టె వాడుదురో అవన్నియు బాలుర గదులలోనికి వచ్చెను. మాంసపువ్యాపారి లెక్కలు వ్రాసిన గుమాస్తా చేయించిన బొమ్మలలో, మాంసము చెడకుండ చల్లగా నుంచు పెట్టెయు నొకటి! 1923లో ఇంగ్లండు రైలుకంపెనీలు నాలుగు పెద్దసంస్థలుగా కలిసినపుడు బొమ్మపెట్టెలమీది అక్షరములు కూడ మారెను.

ఈ బండ్ల పట్టాల నడుమ దూరము 32 మిల్లీమీటర్లు. నిజమైన పట్టాల నడుమ దూరము 1,435 మిల్లీమీటర్లు. అనగా బొమ్మ పట్టాల దూరము అసలుదానిలో ఇంచుమించు 45వ వంతు. అయితే ఇంటిలోని మలుపులు ఇరుకైనవి గనుక, తొలినాటి పెట్టెలు అసలు నిష్పత్తికంటె పొట్టిగా నుండెడివి. పిదప అభిరుచిగలవారు కొలతలు చూచి, సరియైన నమూనాలను తామే నిర్మింపసాగిరి. పిల్లలయాట ఇట్లు పెద్దల కళగా మారెను.

హార్న్‌బీ 1931లో ఎవర్టన్ నియోజకవర్గమునుండి పార్లమెంటు సభ్యుడుగా ఎన్నికై 1935 వరకు పనిచేసెను. 1936 సెప్టెంబరు 21వ తేదీన తన 73వ యేట మరణించెను. ఇంచుమించు సగము కొలతగల చిన్నరైళ్లు 1938లో అతని సంస్థనుండి వెలువడినవి. వానిని చూచు భాగ్యము అతనికి లేకపోయెను. బిన్స్ రోడ్డు కర్మాగారము 1979లో మూతపడెను. నమూనా రైళ్లపై అతని పేరు మాత్రము నేటికిని నిలిచియున్నది.

బాలబాలికలారా! హార్న్‌బీ పెద్దచదువులు చదివినవాడు కాడు. తన పిల్లల చేతులలోని రేకుముక్కను అతడు శ్రద్ధతో చూచెను. వస్తువును విప్పి చూచుటకు భయపడరాదనియు, విప్పినదానిని మరల కూర్చుట నేర్వవలెననియు అతని బొమ్మలు ఎందరో బాలురకు బోధించినవి. చేతులతో నేర్చిన విద్య మరపునకు రాదు.