ఫ్యానీ కొక్రేన్ స్మిత్: వంటింట్లో ఆరాధన, నోట అడవి పాట

ఆస్ట్రేలియాకు దక్షిణాన టాస్మానియా దీవి ఉంది. అక్కడి ఆదివాసులను తెల్లవాళ్ళు సొంత నేల నుంచి తరలించి, ఫ్లిండర్స్ దీవిలోని వైబలెన్నా శిబిరంలో ఉంచారు. చాలామంది అక్కడే జబ్బులతో పోయారు. 1834లో ఫ్యానీ పుట్టింది ఆ శిబిరంలోనే.

చిన్నప్పుడే ఆమెను తల్లి నుంచి వేరుచేసి మతబోధకుడి ఇంట్లో పెట్టారు. బైబిలు చెప్పే ఆ ఇంట్లోనే నిర్లక్ష్యం, క్రూరత్వం. తర్వాత అక్కడే పనిమనిషి అయింది. రోజూ హాస్టల్ పిల్లల మధ్య ఉండే మాకు ఈ భాగం చదువుతుంటే గొంతు పట్టేసింది. అలాంటి చోట విన్న దేవుణ్ణి ఎవరైనా వదిలేస్తారనుకుంటాం. ఫ్యానీ వదల్లేదు.

1847లో శిబిరం మూసి, మిగిలినవాళ్ళను ఆయిస్టర్ కోవ్‌కు పంపారు. 1854లో ఆమె కలప కోసే విలియం స్మిత్‌ను పెళ్ళాడింది. పదకొండుమంది పిల్లలు. నికల్స్ రివులెట్‌లో సొంతంగా పంట పండించుకుని, కలప పని చేసుకుని బతికారు. మెథడిస్టు సంఘంలో చేరాక, చర్చి లేని రోజుల్లో ఆమె వంటిల్లే ఆరాధన స్థలం. చర్చికి తన భూమే ఇచ్చింది. సంఘం వాళ్ళ వార్షిక విందుకు ఆమె చేతి వంట తినాలనే దూరం నుంచి వచ్చేవారట!

అలాగని అడవిని విడిచిందా? లేదు. బుట్టలు అల్లింది, మూలికలు ఏరింది, గుల్లల కోసం నీళ్ళలో మునిగింది. 1899లో, 1903లో తన జాతి పాటలు పాడి మైనపు గొట్టాల మీద రికార్డు చేయించింది. 1905 ఫిబ్రవరి 24న న్యుమోనియాతో కన్నుమూసింది.

ఆ దీవి భాషలు పుట్టుకతో తెలిసిన మనిషి గొంతు ఈనాటికీ వినిపిస్తోందంటే, అది ఆ గొట్టాల్లోదే.