చావింటి గొంతు కాదది

భద్రాచలం పోయే తోవలో, అడవి అంచున ఉంటుంది మా పల్లె. పొద్దున్నే మైకులో ఘంటసాల భగవద్గీత వినబడిందంటే చేలకు పోయేవాళ్ళు ఆగిపోతారు. ఏ ఇంట్లో ఎవరు పోయిండ్రోనని ఒకరినొకరు అడుగుతారు. మా తాత పోయిన రోజున ఆ గొంతు మా వాకిట్లోనే పొద్దుగూకేదాకా మోగింది. అప్పటినుంచీ అది వింటే నాకు గుండె దడే. చాలా ఏండ్లు ఆ మహాగాయకుణ్ణి చావింటి మనిషిగానే లెక్కగట్టాను. అది ఎంత పొరపాటో ఆయన జీవితకథ చదివినాక గానీ తెలిసిరాలేదు.

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య తరంగాలు పాడేవారు. ఆయన కొడుకు చిన్నతనంలోనే కన్నుమూశారు. సంగీతం నేర్చి తీరాలన్న పంతంతో ఆ పిల్లవాడు చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరాడు. అక్కడ పిలిచి అన్నం పెట్టే దిక్కు లేదు. జోలె పట్టి ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రిగారు పైసా అడగకుండా పాఠం చెప్పారు. మెస్ బిల్లుకు ఇంటి దిక్కు చూసే మనలాంటి హాస్టలు విద్యార్థులకు ఆ ఆకలి ఏమిటో వేరే చెప్పాలా?

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో దూకి జైలుకు పోయారు. తర్వాత మద్రాసు చేరి, గుంపులో గొంతు కలిపే పాటగాడిగా మొదలుపెట్టారు. 1945లో 'స్వర్గసీమ'లో పాడే అవకాశం దొరికింది. 1951లో 'పాతాళభైరవి' సంగీతంతో ఇంటింటి మనిషి అయిపోయారు.

సినిమాతో పని లేకుండా కూడా ఆయన రికార్డులిచ్చారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ నాటి లక్క రికార్డు ఒక్కో పక్క మూడు, మూడున్నర నిమిషాలు మించి పాడేది కాదు. అంత ఇరుకులోనే కరుణశ్రీ 'పుష్పవిలాపం' పద్యాలను ఆయన పలికించిన తీరుకు, అక్షరం రానివాళ్ళకు కూడా అర్థం తెలిసింది, కండ్లు తడిసినయి. 1963లో వచ్చిన 'లవకుశ' సంగీతమూ ఆయనదే. శ్రీరామనవమికి మా ఊరి పందిట్లో మైకు పెడితే మోగేది అదే. ఆ గొంతూ ఈ గొంతూ ఒకటేనని నాకు తట్టనే లేదు!

పేరు వచ్చాక పాత రోజులు మరిచిన మనిషి కాదాయన. గురువుగారి కుమారుడు పట్రాయని సంగీతరావుగారు ఏండ్ల తరబడి ఆయనకు సంగీత సహాయకులుగా ఉన్నారు. 1970లో పద్మశ్రీ, 1971లో యూరప్, అమెరికా కచేరీలు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతిన్నది. ఆ స్థితిలోనే భగవద్గీత రికార్డు చేశారు. 1974 ఫిబ్రవరి 11న వెళ్ళిపోయారు. నిండా 52 ఏండ్లు కూడా లేవు. గీత రికార్డు ఆయన పోయిన తర్వాతే జనం చేతికి వచ్చింది. ఊరూరా అది మోగడం ఆయన వినలేదు.

మిత్రులారా, ఒక్కసారి ఆలోచించండి. గీత చెప్పింది చచ్చినవాడికి కాదు. విల్లు కింద పడేసి కూలబడ్డవాణ్ణి, లేచి నీ పని చూసుకొమ్మని చెప్పింది. అన్నం కోసం జోలె పట్టి కూడా పాఠం మానని మనిషి గొంతులో ఆ మాటకు బలం ఊరికే రాలేదు.

మా తాత దినాలు కాగానే మా నాయన ఎవరితో ఏమీ అనకుండా మిరపచేనుకు పోయి మోటరు పెట్టిండు. ఆ రోజంతా మైకు పక్కన కూర్చున్నది ఆయనే. మా ఇంట్లో గీత సరిగ్గా విన్నది ఆయనొక్కడేనని ఇప్పుడు అనిపిస్తుంది.