ప్లాస్టిక్ గదిలో పన్నెండేళ్లు



పిల్లలు గ్రౌండ్ నుంచి మట్టి చేతులతో వస్తే మనం కోప్పడతాం. ఆ మట్టిలోని సూక్ష్మజీవులతో వాళ్ల తెల్ల రక్తకణాలు రోజూ పోరాడుతూనే ఉంటాయి. ఆ పోరాడే శక్తే లేకుండా పుట్టిన బాబు డేవిడ్ వెటర్. ఈ నెల అతని గురించి మీకు చెప్పాలనిపించింది.

డేవిడ్ 1971 సెప్టెంబరు 21న అమెరికాలోని హ్యూస్టన్‌లో పుట్టాడు. అంతకుముందే వాళ్ల అన్న ఏడు నెలల వయసులో చనిపోయాడు. కారణం స్కిడ్ అనే వంశపారంపర్య జబ్బు. మన ఒంట్లో టీ కణాలు శత్రువును గుర్తుపడతాయి, బీ కణాలు యాంటీబాడీలు తయారుచేస్తాయి. స్కిడ్‌లో ఈ రక్షణ పనిచేయదు. డేవిడ్‌కు వచ్చిన రకంలో లోపం ఎక్స్ క్రోమోజోమ్‌లో ఉంటుంది. ఆడపిల్లకు రెండు ఎక్స్‌లు కాబట్టి ఒకటి పాడైనా రెండోది కాపాడుతుంది. మగపిల్లాడికి ఉండేది ఒక్కటే.

అన్న సంగతి తెలుసు కాబట్టి డాక్టర్లు ముందే సిద్ధమయ్యారు. పుట్టిన క్షణాల్లోనే డేవిడ్‌ను సూక్ష్మజీవులు లేని ప్లాస్టిక్ గదిలో ఉంచారు. పాలు, బట్టలు, బొమ్మలు, పుస్తకాలు అన్నీ శుద్ధి చేశాకే లోపలికి వెళ్లేవి. అమ్మ తాకాలన్నా గోడకు అమర్చిన గ్లౌజుల్లోంచే. 1977లో నాసా ఇచ్చిన ప్రత్యేక సూట్ వేసుకుని కొన్నిసార్లు బయట నడిచాడు.

1983 అక్టోబరులో అక్క క్యాథరిన్ ఎముక మజ్జ ఇచ్చింది. అందులో అప్పటి పరీక్షలకు దొరకని ఒక వైరస్ దాగి ఉంది. దానివల్ల డేవిడ్‌కు క్యాన్సర్ వచ్చింది. వైద్యం కోసం గది నుంచి బయటికి తెచ్చినప్పుడు అమ్మ తొలిసారి గ్లౌజులు లేకుండా కొడుకును తాకింది. 1984 ఫిబ్రవరి 22న, పన్నెండేళ్ల వయసులో డేవిడ్ కన్నుమూశాడు.

1993లో ఆ జన్యువేదో శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. ఇప్పుడు అమెరికాలో పుట్టిన ప్రతి బిడ్డకూ మడమ నుంచి రక్తపు చుక్కలు తీసి స్కిడ్ పరీక్ష చేస్తున్నారు. తొలి నెలల్లోనే మజ్జ మార్పిడి జరిగితే చాలామంది బతుకుతున్నారు.

డేవిడ్‌కు పన్నెండేళ్లు దక్కడానికి కారణం, అన్న ఎందుకు పోయాడో ఆ కుటుంబానికి తెలియడమే. మన ఇళ్లలో పసిబిడ్డ పోతే ఆ మాట మళ్లీ ఎత్తం, తల్లిని నిందిస్తాం. అలా చేయకండి. ఇంట్లో అలాంటి మరణం జరిగి ఉంటే, కొత్తగా పుట్టిన బిడ్డకు బీసీజీ వంటి టీకాలు వేయించకముందే డాక్టరుకు చెప్పండి. మాటిమాటికీ న్యుమోనియా వస్తున్నా, బరువు పెరగకపోయినా, నోటిపూత తగ్గకపోయినా చెప్పండి. అందరికీ వచ్చే జలుబు, దగ్గులకు మాత్రం భయపడకండి. పిల్లల్ని మట్టిలో ఆడుకోనివ్వండి, వచ్చాక చేతులు కడిగిస్తే చాలు.