నటుల చరిత్ర వ్రాసిన నటుడు

ఒక తరము క్రిందట పల్లెలలో తెల్లవార్లు నాటకములాడి జనులను కదలనీయక కూర్చుండబెట్టిన నటులలో నేడు ఎందరి పేర్లు మనకు తెలియును? గ్రామఫోను రికార్డులకెక్కిన కొందరి పద్యములు మిగిలినవి. తక్కినవారి విద్య వారితోడనే పోయినది. అట్లు పోవుచున్నదానిని కొంతయైనను అక్షరములలో నిలిపినవారు మిక్కిలినేని రాధాకృష్ణమూర్తిగారు.

వీరు గుంటూరు జిల్లాలో కృష్ణ యొడ్డునగల లింగాయపాలెమున జన్మించిరి. ఆ గ్రామమే తరువాత అమరావతి రాజధాని ప్రాంతమున చేరినది. కపిలవాయి రామనాథశాస్త్రిగారికి శిష్యులై నాటకవిద్య నేర్చిరి. పిదప 1943లో వెలసిన ప్రజానాట్యమండలిలో చేరి, గరికపాటి రాజారావుగారి వంటివారితో ఊరూరు తిరిగిరి. రాజులును దేవతలును ఏలిన రంగస్థలముపై రైతుకూలీల కష్టములు పలికిన కాలమది. స్త్రీపాత్రలను పురుషులే ధరించు ఆచారమింకను చెల్లుచుండగా, వీరి ధర్మపత్ని సీతారత్నముగారును నాటకములలో పాల్గొనిరి. అది ఎంతటి సాహసమో నాటి గ్రామములనెరిగినవారికి చెప్పనక్కరలేదు.

తరువాత చలనచిత్రములు పిలిచినవి. 1957 నాటి 'మాయాబజార్'లో కర్ణుడు వీరే. సినిమా వీరికి అన్నము పెట్టినది. ఆ సినిమాయే నాటకశాలలను ఖాళీ చేసినది. తోడి నటులు ముదిమిలో దిక్కులేక, పేరులేక మరుగుపడుచుండుట వీరు ఎరుగుదురు. అందుచేతనే కాబోలు, ముఖమునకు రంగు పూసికొన్న చేతితోనే కలము పట్టి, ఆంధ్రప్రభలో 'నటరత్నాలు' శీర్షికన రంగస్థల కళాకారుల జీవితములను వ్రాసిరి. ప్రసిద్ధులతోబాటు లోకము మరచినవారికిని అందు చోటు దక్కినది. ఆ రచనలలో విమర్శకంటె అభిమానము పాలు హెచ్చు. అయినను ఆ అభిమానము లేనిచో అంత శ్రమకు ఎవరు పూనుకొందురు?

తెలుగు విశ్వవిద్యాలయము 1992లో ప్రచురించిన 'తెలుగువారి జానపద కళారూపాలు' వీరి మరియొక మహాప్రయత్నము. ఇచ్చట మనవారికి ఇంపైన సంగతి యొకటి కలదు. తెలుగువారి ఆటపాటల పూర్వచరిత్ర నెవరు వెదకినను పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రకు రావలసినదే. శ్రీశైల యాత్రికులు కన్న ఆటలను, బొమ్మలాటలను ఆ మహాకవి పర్వత ప్రకరణమున పేరుపేరున చెప్పినాడు. మిక్కిలినేనివారును ఆ బాటనే నడచిరి.

ఆంధ్ర విశ్వవిద్యాలయము వీరిని 1982లో కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించినది. తొంబదియేండ్లు దాటిన వయసున, 2011 ఫిబ్రవరిలో, విజయవాడలో వీరు కన్నుమూసిరి.