ఎఫ్.ఏ. తప్పిన రామానుజన్

శ్రీనివాస రామానుజన్ అనగానే అందరికీ కేంబ్రిడ్జి గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆయన తప్పిన పరీక్షలే ముందు గుర్తొస్తాయి. ఎఫ్.ఏ.లో ఏ అంటే ఆర్ట్సే కదా, మనలాంటి వాళ్ల పరీక్షే అది!

1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో అమ్మమ్మగారింట్లో పుట్టారు. పెరిగింది కుంభకోణంలో. నాన్న బట్టల కొట్లో గుమాస్తా. స్కూల్లో ఉండగానే కార్ అనే ఇంగ్లీషాయన పుస్తకం చేతికొచ్చింది. అందులో దాదాపు 5,000 సూత్రాలున్నాయి, వివరణలు మాత్రం తక్కువ. వాటిని తనంతట తనే సాధించుకుంటూ పోయారు. కాగితాలు కొనలేక పలకమీద చేసి, మోచేత్తో చెరిపి, జవాబు మాత్రం నోట్‌బుక్కులో ఎక్కించేవారు.

ఆ ధ్యాసలో మిగతా సబ్జెక్టులు వదిలేశారు. 1904లో కుంభకోణం కాలేజీలో చేరితే ఇంగ్లీషు తప్పి స్కాలర్‌షిప్పు పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వెళ్లిపోయారు. తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరినా ఎఫ్.ఏ. గట్టెక్కలేదు.

1910లో నోట్‌బుక్కులు పట్టుకుని నెల్లూరు వెళ్లి కలెక్టరు రామచంద్రరావు గారిని కలిశారు. ఆయన నెలనెలా డబ్బు సాయం చేశారు. 1911లో మొదటి వ్యాసం అచ్చయింది. అది బెర్నూలీ సంఖ్యల గురించి.

పేరు చూసి భయపడక్కర్లేదు. గుడియాత్తంలో ప్లస్ వన్ చదివే మా తమ్ముడికి నేను ఇలా చెప్పాను: 1 నుంచి 10 దాకా కూడితే 55, అంకశ్రేఢి సూత్రంతో చిటికెలో వస్తుంది. వాటి వర్గాలు కూడితే 385. మరి ఘనాలకి, నాలుగో ఘాతాలకి? ఒక్కోదానికి ఒక్కో సూత్రం కావాలి. ద్విపద విస్తరణ వాడితే అవన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వాటన్నిట్లో మళ్లీ మళ్లీ తగిలే సంఖ్యలే బెర్నూలీ సంఖ్యలు. ఈరుఱుప్పు తేఱ్ఱం అని తమిళంలో బట్టీపట్టిన తమ్ముడు, ద్విపద అంటే సోమనాథుడి పద్యమేగా అక్కా అన్నాడు. పేరు ఒకటే, ఇది లెక్కల ద్విపద అన్నాను.

1912లో రామానుజన్‌కి మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల గుమాస్తా ఉద్యోగం దొరికింది. 1913లో హార్డీకి ఉత్తరం రాశారు, 1914లో ఓడెక్కారు. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. జబ్బుతో తిరిగొచ్చి 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్లకే పోయారు.

1909లో పెళ్లయేటప్పటికి భార్య జానకికి పదేళ్లు. ఆయన పోయాక కుట్టుపని నేర్చుకుని, తన కాళ్లమీద నిలబడి, 1994 దాకా బతికారు. 

మా గుడియాత్తంలో ఒక్క పేపరు పోతే చాలు, మగపిల్లాణ్ణి పనికి పంపుతారు, ఆడపిల్లకి సంబంధాలు చూస్తారు. రామానుజన్‌కి అన్ని తప్పుల తర్వాత కూడా నోట్‌బుక్కు తెరిచి చూసేవాళ్లు దొరికారు. మన పిల్లలకి కలెక్టరు అక్కర్లేదు. సప్లిమెంటరీ ఫీజు కట్టి, ఇంకోసారి రాయి అనేవాళ్లు ఇంట్లో ఒక్కరుంటే చాలు.