కుట్టు నేర్పింది, బడీ పెట్టింది: చిలకలగూడ ఈశ్వరీబాయి

జెట్టి ఈశ్వరీబాయి పేరు వినగానే మనలో చాలామందికి అసెంబ్లీలో లేచిన చెప్పు గుర్తొస్తుంది. 1968లో కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుడిని దొంగతనం నెపం మీద కట్టేసి తగలబెట్టారు. ఆ రోజుల్లోనే మంత్రి తిమ్మారెడ్డి దళితుల గురించి నోరు పారేసుకుంటే ఆమె నిండు సభలో చెప్పు చూపించి నిలదీశారు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నా తక్కువే. కాకపోతే ఆ చెప్పు వెనక చిలకలగూడలో ఒక బడి, కొన్ని కుట్టు మిషన్లు కూడా ఉన్నాయి. వాటి గురించి మనం పెద్దగా మాట్లాడుకోం.

నా పరిశోధన దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ ప్రాంతాల్లో బట్టల పని చేసే తల్లుల మీద. వాళ్లతో మాట్లాడి వచ్చిన ప్రతిసారీ నాకు ఈశ్వరీబాయి జీవితంలోని ఈ రెండో సగమే గుర్తొస్తుంది.

ఆమె 1918 డిసెంబర్ 1న సికింద్రాబాద్‌లో మాల కుటుంబంలో పుట్టారు. తండ్రి బలరామస్వామి, తల్లి రాములమ్మ. కీస్ బాలికల హైస్కూల్లో చదువుకున్నారు. అప్పట్లో మన ఆడపిల్లలకు బడి గడప దాటడమే గగనం. పదమూడేళ్లకే పెళ్లి చేశారు. భర్త లక్ష్మీనారాయణ పుణెలో దంతవైద్యుడు. ఆ కాపురం నిలవలేదు. బిడ్డ గీతను తీసుకుని ఆమె సికింద్రాబాద్ వచ్చేశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. 1940ల చివర, చంటిబిడ్డతో పుట్టింటికి తిరిగొచ్చిన దళిత స్త్రీకి ఊరు ఏ పేరు పెడుతుందో మనకు తెలియంది కాదు. ఎవరి దయ మీదా బతకకూడదనుకుంటే పనిలోకి వెళ్లాలి. పనిలోకి వెళ్తే బిడ్డ ఎక్కడుండాలి? ఈ ప్రశ్న ఆమె ఇంట్లోకి సిద్ధాంతంగా రాలేదు, ఆకలితో పాటు వచ్చింది. ఆమె పరోపకారిణి బాలికల పాఠశాలలో టీచరుగా చేరారు.

తర్వాత చేసిన పనే నాకు ఆమె జీవితంలో అసలు మలుపు అనిపిస్తుంది. చిలకలగూడలో కూతురి పేరు మీద గీతా ప్రైమరీ స్కూల్ పెట్టారు, తర్వాత అది మిడిల్ స్కూల్ అయింది. పేద ఆడవాళ్లకు టైలరింగ్, పెయింటింగ్, బొమ్మల తయారీ నేర్పే కేంద్రం కూడా నడిపారు. దాన్ని ఆమె క్రెష్ అనలేదు, నేనూ ఆ పేరు అంటగట్టను. అయినా తల్లి చేతికి పని, బిడ్డకు బడి, ఈ రెండింటినీ ఒకే వాడలో ఒకే మనిషి తలకెత్తుకుంది. ఈ రెండిటినీ విడదీసి చూసే అలవాటు సర్కారుది.

ఆ విడదీయడం ఎలా ఉంటుందో చట్టంలోనే కనిపిస్తుంది. ఈశ్వరీబాయి చిలకలగూడలో పనిచేసుకుంటున్న ఆ కాలంలోనే, 1948లో ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. అప్పటి కార్మిక మంత్రి మనవాడే, జగ్జీవన్ రామ్. 50 మందికి పైగా ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని ఆ చట్టం చెప్పింది. 1976లో ఆ లెక్కను 30కి తగ్గించారు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థలో క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని రాశారు. కొత్త లేబర్ కోడ్‌లలోనూ లెక్క 50 దగ్గరే ఉంది. మంచిదే. మరి ఎల్‌బీ నగర్ కాలనీల్లో మేడ మీద గదిలో ఆరు మిషన్లు వేసి నడిపే కుట్టు షెడ్డు ఈ లెక్కలోకి ఎప్పటికైనా వస్తుందా? ఇంట్లోనే కూర్చుని జాకెట్‌కింత, ఫాల్‌కింత, మగ్గం వర్క్‌కింత అని పీస్ లెక్కన చేసే అక్కకు యజమాని ఎవరు? దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీది బట్టల షాపులో పొద్దంతా నిలబడి చీరలు విప్పి చూపించే అమ్మాయికి రాత్రి షట్టర్ పడేదాకా సెలవు లేదు. అంగన్‌వాడీకి మాత్రం చీకటి పడకముందే తాళం పడుతుంది. పైగా మూడేళ్లలోపు పిల్లను రోజంతా ఉంచుకునే ఏర్పాటు అక్కడ ఉండదు.

అందుకే చాలామంది ఇంటి పనికే మళ్లుతారు. ఇంటి దగ్గర కుడితే కూలి తక్కువ, కానీ బిడ్డ కళ్లముందే ఉంటుంది. సూది, కత్తెర, మోటారు తిరిగే మిషన్, కిందే పాకే పిల్ల. దాన్ని మార్కెట్ తల్లి ఇష్టం అంటుంది. లేదంటే పెద్ద కూతురు బడి మానేసి చిన్నదాన్ని ఎత్తుకుంటుంది. ఈ పెద్ద కూతుళ్లు ఏ కులాల వాళ్లో ఇక్కడి పాఠకులకు వేరే చెప్పాలా.

ఈశ్వరీబాయి రాజకీయం ఈ వాడ నుంచే మొదలైంది. 1950ల మొదట్లో చిలకలగూడ నుంచి స్వతంత్రంగా నిలబడి మున్సిపల్ కౌన్సిలర్ అయ్యారు. నల్లా నీళ్లు, వీధి దీపాలు, పాకలు, ఇవే ఆమె తొలి పాఠాలు. అంబేడ్కర్ బాటలో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్, తర్వాత రిపబ్లికన్ పార్టీ. 1967లో ఎల్లారెడ్డి నుంచి ఆ పార్టీ అభ్యర్థిగా అసెంబ్లీకి వెళ్లారు, 1972లో మళ్లీ గెలిచారు. మొదటిసారి ఆమె చేతిలో ఓడింది టి.ఎన్. సదాలక్ష్మి. ఇద్దరు గొప్ప దళిత స్త్రీలు ఒకే రిజర్వుడ్ సీటు కోసం తలపడాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. 1969 తెలంగాణ ఉద్యమంలో ఆమె ముందు వరసలో నిలిచి జైలుకూ వెళ్లారు.

మన సభల్లో ఆమె ఫొటోకు దండ వేసేటప్పుడు కౌన్సిలర్, ఎమ్మెల్యే, ఉద్యమకారిణి అంటాం. బడి నడిపిన టీచర్ అనీ, కుట్టు నేర్పించిన మనిషి అనీ అనం. పిల్లల సంగతి ఇంటి సంగతిలే అనే ఆలోచన మన సంఘాల్లోనూ ఉంది. కుట్టుపని చేసే ఆడవాళ్ల కూలి రేటు మీద కరపత్రం వేస్తాం, వాళ్ల చంటిపిల్లలకు ఒక గది కావాలని ఒక్క వార్డు కార్పొరేటర్‌ను అడిగింది లేదు.

ఈశ్వరీబాయి 1991 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. అప్పటికి బడికి పేరిచ్చిన ఆ పిల్ల డాక్టరై, 1989లో గజ్వేల్ నుంచి గెలిచి రాష్ట్ర మంత్రి కూడా అయింది.